మాంత్రికుణ్ణి కొబ్బరి మట్టలు పట్టించేశాయి

టీవీలో వచ్చిన జానపద సీరియల్లో మాంత్రికుడి ఎపిసోడ్ మీద ఉత్తరాలు చాలానే వచ్చాయి. చూడనివారి కోసం కథ రెండు ముక్కల్లో: గోదావరి లంకలో ఉండే అమ్మాయికి తాతగారి తాళపత్రం దొరుకుతుంది, అందులో ఒక మంత్రం ఉంటుంది. దానికోసం వచ్చిన మాంత్రికుడు నిమ్మకాయ కోసి రక్తం కారుస్తాడు, అమ్మాయిని కొబ్బరితోటలో మాయం చేస్తాడు.

ప్రశ్న: మాంత్రికుడు చిటికె వెయ్యగానే అమ్మాయి మాయమైంది. సరిగ్గా అప్పుడే వెనక కొబ్బరి మట్టలు కూడా ఒక్కసారి ఎగిరిపడ్డాయి. ఇంట్లో ఎవరూ నమ్మడం లేదండీ. నా భ్రమా?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: భ్రమ కాదండీ, మీరు చూసింది అతుకు. 1896లో ఫ్రాన్సులో జార్జ్ మెలియెస్ అనే తొలితరం సినీదర్శకుడు ఒక స్త్రీని తెరమీద మాయం చేసిన పద్ధతే ఇది. కెమెరా కదలకుండా బిగించి అమ్మాయి ఉండగా కొంత తీస్తారు, ఆమె తప్పుకున్నాక మళ్ళీ తీస్తారు, మధ్యది కత్తిరించి అతికిస్తారు. మన టీవీలో సెకనుకు 25 ఫ్రేములు, అంటే 25 బొమ్మలు. అమ్మాయి ఒక ఫ్రేములో ఉంటుంది, తర్వాతి దాంట్లో ఉండదు. ఆమె ఒక్కతే మారితే మాయ. మట్టలూ నీడలూ మారితే కత్తెర కనబడిపోతుంది. పాత జానపదాల్లో ఇవి చాలావరకు స్టూడియో గోడల మధ్య తీసినవి, అక్కడ గాలి బాధ లేదు.

తోటలో తియ్యాలంటే పొద్దున్నే, గాలి లేవకముందే తియ్యాలి. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక కోనసీమలో ఏ మట్టా నిలవదు. కెమెరాలో ఎక్స్‌పోజరు (వెలుతురు మోతాదు), వైట్ బ్యాలెన్సు (రంగుల సర్దుబాటు) ఆటోలో ఉంచకుండా లాక్ చేసి, అమ్మాయి తప్పుకున్న వెంటనే ఖాళీ తోటను ఒక నిమిషం తీసి ఉంచుకోవాలి. ఎడిటింగులో ఫ్రేమంతా మార్చక్కర్లేదు. ఆమె నిలబడ్డ చోటు చుట్టూ మాస్కు (ఆ భాగాన్ని మాత్రమే వేరుచేసే హద్దు) గీసి, ఆ మేరకే ఖాళీ తోటను అతికిస్తే పైన మట్టలు మొదటి షాటువే ఊగుతూ ఉంటాయి. మాస్కు అంచు చెట్టు మొదళ్ళ మీదో మట్టినేల మీదో పడాలి గానీ కదిలే ఆకుల మీద పడకూడదు. ఆమె నీడనూ లోపలికి తీసుకోవాలి. లేకపోతే మనిషి పోతుంది, నీడ మిగులుతుంది. (అదీ ఒక మాయేలెండి, కానీ ఈ కథలోది కాదు.)

ప్రశ్న: ఎపిసోడ్‌లో లాగే మా వీధికి వచ్చినాయన నిమ్మకాయ కోసి రక్తం చూపించి, రూ.500 పట్టుకెళ్ళాడు. ఎలా చేస్తారు?
– ఒక పాఠకుడు, పి.గన్నవరం

జవాబు: కిటుకు కాయలో లేదు, కత్తిలో ఉంది. రెండు మూడు ఎర్ర మందారాల రేకలు కత్తికి రెండువైపులా గట్టిగా రుద్ది నీడలో ఆరనిస్తారు. ఊదారంగు పూత పడుతుంది. పాత ఇనప కత్తి మీద అది తెలియదు, తళతళలాడే స్టీలు కత్తి మీద తెలిసిపోతుంది. నిమ్మ పులుపు తగలగానే మందార రంగు ఎర్రబడుతుంది. కాయ ఎండిపోయినదైతే రసం చాలక వట్టి మరకే వస్తుంది. పూత ఆరకపోతే ముందే చేతికంటుతుంది. మందారతో చుక్కలే రాలతాయి, సీరియల్లో కారిన ధార రంగునీళ్ళది.

ఇది నమ్మని వాళ్ళకి మన దిష్టి ఎర్రనీళ్ళే చూపించండి. చెంబెడు నీళ్ళలో చెంచాడు పసుపు, శనగగింజంత సున్నం వేస్తే ఎరుపు, నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు. సున్నం ఎక్కువైతే ఒక్క కాయ చాలదు. కంట్లో పడనివ్వకండి.

ఆయన మళ్ళీ వస్తే కాయ ఆయన్నే తెచ్చుకోమనండి, కత్తి మాత్రం మీ వంటింట్లోది ఇవ్వండి.

ప్రశ్న: మాంత్రికుడికి అన్నీ చేతనైతే ఇక భయమెక్కడిది? నాకు ఎపిసోడ్ నచ్చలేదు. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: సగం మీతోనే ఉన్నాను. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ఎంతవాడైనా ప్రాణం చిలకలో ఉంది. పిల్లలకి కూడా అతని బలమెంతో, లోటెక్కడో తెలుసు. ఇక్కడ మొదటి భాగంలో నడుములోతు నీళ్ళలో నిలబడి జపిస్తేనే మంత్రం పలుకుతుందన్నారు. అరగంట తిరక్కుండా అమ్మాయి డాబా మీద పొడి చీరతో జపించేసింది! నియమం పోయింది, దాంతో కథా పోయింది.

కానీ ఒక్క చోట మాత్రం రచయిత గట్టివాడే. మంత్రం వేసిన ప్రతిసారీ అమ్మాయి ఒక మనిషిని మరిచిపోతుంది. పళ్ళెంలో అన్నం కలుపుతున్న నాయనమ్మ చేతిని చూసి “ఈవిడెవరు?” అంటుంది. నాయనమ్మ జవాబు చెప్పదు, కలిపిన ముద్ద మాత్రం పళ్ళెంలోనే వదిలేస్తుంది. నేపథ్య సంగీతం కూడా లేదక్కడ.

ఆ నీళ్ళ నియమాన్నే పట్టుకుని ఉంటే సరిపోయేది. మీ నరసాపురంలో వశిష్ఠ గోదావరి రేవే చూడండి. పోటుకీ ఆటుకీ మధ్య సుమారు 6 గంటలు, రోజురోజుకీ పోటు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పోటు ఎక్కే వేళ నిన్న సాయంత్రం ఆరింటికి నడుము దాకా వచ్చిన నీరు ఇవాళ ఆరింటికి అంత ఎత్తు ఉండదు. ఇక ఊహించుకోండి: వాకిట్లో మాంత్రికుడు, రేవులో మోకాలిదాకా తడిసి ఎదురుచూస్తున్న అమ్మాయి. ఇంకో 50 నిమిషాలు గడపాలి.