పురుగును కూడా పెంచు నాయనా

చిరంజీవి అబ్బాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఇంటి వెనక ఖాళీ జాగాలో పిట్టలు వాలే తోట వేస్తానని రాశావు. చాలా సంతోషం. నర్సరీ వాళ్లు ఇచ్చిన జాబితాలోంచి ముందు కోనోకార్పస్‌ను కొట్టేయి. సోమాలియా వైపు నేలకు చెందిన చెట్టది. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడాన్నే నిషేధించింది. తలంబ్రాల చెట్టూ వద్దు. దాని పూల మీద సీతాకోకచిలుకలు వాలే మాట నిజమే, కానీ పిట్టలు ఆ పండ్లు తిని గింజల్ని ఊరంతా చల్లుతాయి. మన అడవుల్ని అది ఎంతగా ఆక్రమించిందో చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

పూలు ఒక్కటే చాలవు, నాయనా. గుడ్లు పెట్టడానికి సీతాకోకచిలుకకు తన పిల్లలు తినే ఆకు దొరకాలి. కరివేపాకు చెట్టు నాటి, లేత చిగుళ్లను రోజూ గమనించు. ఆవగింజంత పసుపుపచ్చ గుడ్డు కనిపిస్తుంది. అందులోంచి వచ్చే పురుగు మొదట అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. వేలితో తాకితే తల వెనక నుంచి ఎర్రని కొమ్ములు బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. వంటకు వాడే చెట్టు మీద మరీ ఎక్కువైతే ఆకుతో సహా తీసి నిమ్మ మీదకో, మారేడు మీదకో చేర్చు. అవీ దానికి ఇష్టమైన ఆకులే. మందు మాత్రం కొట్టకు. తేనెపిట్ట సైతం గూట్లో పిల్లలకు పెట్టేది పురుగుల్నీ సాలీళ్లనే.

కంచె వెంట ముళ్లగోరింట, అడ్డసరం వేయి. నందివర్ధనం ఎలాగూ ఉంటుంది. రాలిన ఆకుల్ని తగలబెట్టక చెట్ల మొదళ్లలోనే ఉంచు. మట్టి మూకుడులో నీళ్లు పెట్టి రోజూ మార్చు, లేకపోతే దోమలు చేరతాయి.

మూల ఎండ తగిలే చోటు తంగేడుకు వదులు. పసుపు రంగు సీతాకోకచిలుకలు దాని ఆకుల మీదే గుడ్లు పెడతాయి. బతుకమ్మ నాటికి పూలూ దొరుకుతాయి. గింజలు పొట్లం కట్టి పంపుతున్నాను. పై తోలు గట్టిది కాబట్టి వేడినీళ్లు పోసి రాత్రంతా నాననివ్వు. తొలకరి పడగానే నేలలోనే విత్తు. కుండీలో పెంచి మారిస్తే తల్లివేరు దెబ్బతింటుంది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ