డాక్టరమ్మను అడగండి: పీహెచ్‌సీ పోస్టింగ్‌కి వెళ్లాలా, హాస్టల్లో చదువుకోవాలా?

ప్రశ్న: మేడమ్, నేను కర్నూలులో హౌస్ సర్జన్సీ (ఎంబీబీఎస్ చదువయ్యాక చేసే శిక్షణ) చేస్తున్నాను. కమ్యూనిటీ మెడిసిన్ 12 వారాల్లో భాగంగా డిసెంబరులో ఆదోని వైపు ఒక పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) వెళ్లాలి. "అక్కడ దగ్గు, జలుబు తప్ప ఏముంటాయి? హాజరు సంతకాలు ఎలాగోలా పెట్టించుకుని హాస్టల్లో నీట్ పీజీకి చదువుకో" అంటున్నారు సీనియర్లు. మా నాన్న ఆత్మకూరులో టైలర్. నాకు పీజీ సీటు రావడం ఇంటికి చాలా అవసరం. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
- ఒక హౌస్ సర్జన్, కర్నూలు

జవాబు: వెళ్లమ్మా. మీ నాన్నగారి కష్టం గుర్తుపెట్టుకునే చెబుతున్నాను.

1986లో నేనూ అటువైపే హౌస్ సర్జన్‌గా వెళ్లాను. ఒకరోజు ఏడో నెల గర్భిణి వచ్చింది. "కాళ్లు గుంజుతాండాయి మేడమ్, నడిస్తే దమ్మొస్తాంది" అంది. కాల్షియం మాత్రలు రాసి పంపించబోయాను. పక్కనున్న ఏఎన్‌ఎం (ఊళ్లలో తిరిగే ఆరోగ్య కార్యకర్త) అక్క ఏమీ అనకుండా ఆమె కింది రెప్ప లాగి చూపించింది. సుద్దముక్కలా ఉంది. హిమోగ్లోబిన్ కొలిచే సాలీ గొట్టంలో చూస్తే హిమోగ్లోబిన్ 6 గ్రాములు. 7 కన్నా తక్కువుంటే తీవ్రమైన రక్తహీనత అని పరీక్షలో రాసి పాసైనదాన్నే నేను.

అక్క అప్పుడు ఇంకో మాట అడిగింది: "సుగ్గికి ఎప్పుడు పోతాండారు?"

"రేపే. లారీ మాట్లాడినారు."

సుగ్గి అంటే పంటకోతలకు వలస పోవడం. వాళ్లు మిరపకోతకు గుంటూరు వైపు పోతున్నారు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నారు, మనిషి తగ్గితే ఒప్పుకోడు. ఆ సాయంత్రం అక్క వాళ్లింటికి నన్నూ తీసుకెళ్లింది. గంటన్నర మాట్లాడింది, సగం కన్నడంలో. చివరికి కోడలి బదులు అత్త లారీ ఎక్కింది. తోడుగా ఆ అమ్మాయి తల్లి వచ్చింది. ఆదోనిలో రక్తం ఎక్కించారు. నేను రాసిచ్చే కాగితంతో ఇదంతా జరిగేది కాదు. పెద్దాసుపత్రి వార్డులో అలాంటి మనిషి మంచం మీదికి చేరేసరికి ఆ లారీ, ఆ అడ్వాన్సు మనకు కనిపించవు.

ఇక పాము కాటు. కర్నూలుకు వచ్చేసరికి కేసు షీటు రాసి ఉంటుంది. పీహెచ్‌సీలో మొదటి చెయ్యి నీదే. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో (ప్లాస్టిక్‌ది పనికిరాదు) కొద్దిగా రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచు. వంచినప్పుడు గడ్డ కట్టకుండా కారితే రక్తపింజర లాంటి పింజర జాతి పాము అనుకుని యాంటీ వీనమ్ (విషానికి విరుగుడు మందు) మొదలుపెట్టాలి. గడ్డ కట్టింది కదా అని ఇంటికి పంపకు. నేల మీద పడుకున్నవాళ్లను కట్లపాము రాత్రిపూట కరిస్తే నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లారి కడుపునొప్పి అంటూ వస్తారు. కనురెప్పలు వాలుతున్నాయేమో చూడు. ఇది పీజీ పరీక్షలోనూ వస్తుంది. ఒక్కసారి గొట్టం పట్టుకుని 20 నిమిషాలు లెక్కపెట్టినవాళ్లు మరచిపోరు.

చదువు భయం నిజమైనదే, కాదనను. కర్నూలు నుంచి రోజూ బస్సులో తిరిగితే మాత్రం ఒళ్లూ పోతుంది, పుస్తకమూ పోతుంది. అక్కడే గది చూసుకో. సాయంత్రాలు నీవి. ఆ రోజు చూసిన జబ్బునే ఆ రాత్రి చదువు. సంతకాలు మాత్రం వద్దమ్మా. లేని రోజుకు సంతకం పెట్టించుకుంటే ఆ రోజు ఓపీకి వచ్చినవాళ్లకు డాక్టర్ లేనట్టే.

నువ్వు వెళ్లేది సరిగ్గా సుగ్గి కాలం. మొదటి వారంలోనే ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలతో కూర్చుని, వలస పోయేవాళ్లలో గర్భిణులు ఎవరున్నారో రాసుకో. బయలుదేరక ముందే వాళ్ల రక్తం చూడు. సరిపడా ఐరన్ మాత్రలు ఇవ్వు. ఐరన్, కాల్షియం ఒకే పూట మింగొద్దని చెప్పు. తల్లీబిడ్డ కార్డు ఇంట్లో పెట్టెలో దాచకుండా మూటలో పెట్టుకొమ్మను. అక్కడి పీహెచ్‌సీలో చూపిస్తే ఏ టీకా పడిందో, ఏ పరీక్ష మిగిలిందో వాళ్లకు వెంటనే తెలుస్తుంది.