సెలక్షన్ల గొడవలు సర్దే పని నిజంగా ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది మధురవాడ. బీబీఏ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. స్కూల్ రోజుల నుంచి కబడ్డీ ఆడాను, మోకాలు దెబ్బతిని ఆపేశాను. అసోసియేషన్‌కీ కోచ్‌లకీ పేరెంట్స్‌కీ మధ్య గొడవలు చాలా చూశాను. బయటి దేశాల్లో ఇలాంటివి గుట్టుగా విని, ఎవరి పక్కా చేరకుండా సర్దుబాటు చేయడానికి ప్రత్యేకంగా మనుషులుంటారట. నాకూ ఆ పని చేయాలనుంది. నాన్న మాత్రం "అదేం ఉద్యోగం, బ్యాంక్ కోచింగ్‌లో చేరు" అంటున్నారు. ఏం చదవాలి?

జవాబు:

అమ్మా, మీ నాన్నగారు అన్నదాంట్లో సగం నిజమే. ఆ పేరుతో మన దగ్గర నోటిఫికేషన్ పడదు. చాలా జిల్లా అసోసియేషన్లకు ఆఫీసంటే సెక్రటరీ గారి సెల్‌ఫోనే, ఫిర్యాదుల విభాగం కూడా అదే ఫోను, ఫిర్యాదు ఆయన మీదే అయితే ఇక ఎవరికి చేయాలో ఎవరికీ తెలియదు. అందుకే ఆ పని అవసరం బోలెడంత ఉంది గానీ ఆ పనికి జీతమిచ్చే కుర్చీ ఇంకా లేదు. దీన్ని మొదటి ఉద్యోగంగా పెట్టుకోకు. ముందు చేతిలో ఒక వృత్తి ఉండాలి, దాని మీద నిలబడి ఈ పనిలోకి రావాలి. నా సలహా మొత్తం ఇదే, మిగతాదంతా దాని వివరాలు.

నువ్వు విన్నది నిజమే. అమెరికాలో ఒలింపిక్ క్రీడాకారుల కోసం అథ్లెట్ ఆంబుడ్స్ ఆఫీసు ఉంది, అక్కడ ఆటగాళ్లకు ఉచితంగా, గోప్యంగా సలహా ఇస్తారు. కెనడాలో క్రీడా వివాదాల పరిష్కార కేంద్రం 2004 నుంచి పనిచేస్తోంది, దానికి డబ్బు ఫెడరేషన్ల జేబులోంచి కాకుండా ప్రభుత్వం నుంచి వస్తుంది. ఈ డబ్బు సంగతి గుర్తుంచుకో, మళ్లీ వస్తాను. మనవాళ్లకు క్రీడా వివాదం అనగానే రెజ్లర్ వినేశ్ ఫొగాట్ గుర్తొస్తుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 100 గ్రాముల బరువు ఎక్కువైందని ఫైనల్‌కి ముందు అనర్హత వేటు వేశారు, ఆమె లాసాన్‌లో ప్రధాన కేంద్రం ఉన్న క్రీడా మధ్యవర్తిత్వ కోర్టుకు వెళ్లింది, అప్పీలు కొట్టేశారు. పేరులో మధ్యవర్తిత్వం ఉన్నా అదంతా తీర్పు చెప్పే వ్యవహారం. నువ్వు అడుగుతున్న పని దానికి చాలా ముందు మొదలవుతుంది, చాలాసార్లు అక్కడిదాకా పోకుండానే ముగిసిపోతుంది.

ఒక ఉదాహరణ అనుకో. అండర్-14 అమ్మాయిల సెలక్షన్స్ అయ్యాయి, ఆదివారం రాత్రి లిస్టు వాట్సాప్ గ్రూపులో పడింది, ఒక అమ్మాయి పేరు లేదు. పది నిమిషాల్లో వాళ్ల నాన్న వాయిస్ మెసేజ్ పెట్టాడు: "కోచ్ డబ్బులు తిన్నాడు." కోచ్ పోలీస్ స్టేషన్‌కి వెళ్తానంటాడు, సెక్రటరీ ఆ అమ్మాయిని ఏడాది సస్పెండ్ చేస్తానంటాడు, గ్రూపులో పేరెంట్స్ రెండు ముక్కలైపోయారు. మామూలుగా మనం ఏం చేస్తాం? అందర్నీ ఒకచోట కూర్చోబెడతాం. సరిగ్గా అదే చేయకూడదు. ముందు నలుగురితో విడివిడిగా మాట్లాడాలి. అమ్మాయిని అడిగితే "టీంలో తీసుకోమనట్లేదు మేడం, నేనెందుకు పోయానో చెప్పమనండి" అంటుంది. వాళ్ల నాన్న నైట్ డ్యూటీ దిగి, నిద్ర లేకుండా గాజువాక నుంచి బండి మీద కూతుర్ని రోజూ గ్రౌండ్‌కి తెచ్చినవాడు, ఆ కష్టం ఎవరికీ పట్టలేదన్నది ఆయన బాధ. కోచ్‌కి లిస్టు మీద పట్టుదలేం లేదు, 'డబ్బులు' అన్న మాట దగ్గరే మండుతోంది. సెక్రటరీ భయం వేరు, ఈ ఒక్కటి తిరగదోడితే పోయినేడాది వాళ్లు కూడా వస్తారని. చూశావా, నలుగురూ ఒకే లిస్టు గురించి అరుస్తున్నారు గానీ నలుగురి గొడవా వేరు. చివరికి తేలేది ఎలా ఉంటుందంటే, తండ్రి అదే గ్రూపులో తన మాట వెనక్కి తీసుకుంటాడు, కోచ్ ఆ అమ్మాయికి ట్రయల్స్ మార్కులు చూపిస్తాడు, సస్పెన్షన్ ఊసు పోతుంది, వచ్చే సీజన్ నుంచి ఎంపిక పద్ధతి ముందే చెప్తారు. లిస్టు మాత్రం మారదు. అది మార్చే అధికారం నీకు ఉండదు, ఉండకూడదు కూడా. రచ్చబండ దగ్గర పెద్దమనిషి నలుగురిలో విని తీర్పు చెప్తాడు, ఇక్కడ నువ్వు చాటుగా వింటావు, తీర్పు అసలే చెప్పవు. ఈ తేడా తట్టుకోలేనివాళ్లు, అంటే "నేనైతే ఇలా చేసేదాన్ని" అని నోటిదాకా వచ్చేవాళ్లు, ఈ పనిలో ఇమడలేరు.

గోప్యత గురించి కొంచెం జాగ్రత్తగా చదువు. మధ్యవర్తి దగ్గర చెప్పిన మాట రేపు కోర్టులో సాక్ష్యంగా వాడుకోకుండా 2023 మీడియేషన్ చట్టంలో రక్షణ రాసి ఉంది. కోచ్ నీతో అన్నది సెక్రటరీకి చేరకూడదు, సంస్థకు నివేదిక ఇవ్వాల్సి వస్తే ఎలాంటి సమస్యలు వస్తున్నాయో చెప్తావు గానీ పేర్లు ఇవ్వవు. కానీ దీనికి హద్దు ఉంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే నేరం. "ఎవరికీ చెప్పనని మాటిచ్చాను కదా" అంటే కుదరదు. అందుకే ఎవరైనా నోరు విప్పక ముందే ఈ సంగతి వాళ్లకు చెప్పాలి, విప్పాక కాదు. పెద్ద అమ్మాయిలు కోచ్ వేధింపుల గురించి చెబితే దారి పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం కింది అంతర్గత కమిటీ, లేదంటే పోలీసులు. ఇద్దర్నీ కూర్చోబెట్టి "పరువు పోతుంది, సర్దుకోండి" అనడం మధ్యవర్తిత్వం కాదు. 2023 జనవరిలో రెజ్లర్లు వేధింపుల ఆరోపణలతో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూర్చునేదాకా ఎందుకొచ్చిందో ఒకసారి ఆలోచించు, లోపల నమ్మకంగా చెప్పుకునే చోటు ఉంటే రోడ్డెక్కాల్సిన పని ఏముంది?

ఇక డబ్బు సంగతి. నీ ఫీజు అసోసియేషన్ ఇస్తే, సెక్రటరీ నిన్ను తీసేయగలిగితే, ఏ అమ్మాయీ నీ దగ్గర మనసు విప్పదు. అందుకే నువ్వు ఆడిన జిల్లా కబడ్డీలోనే ఈ పని మొదలుపెట్టకు. అక్కడ నువ్వు ఫలానా కోచ్ శిష్యురాలివి, అంతే. వేరే ఆటకు వెళ్లు. బాక్సింగో అథ్లెటిక్సో, విశాఖలో ఆటలకు కొదవా!

చదువు విషయానికొస్తే, నాకు తోచిన మంచి దారి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ. బీబీఏ తర్వాత లా ప్రవేశ పరీక్ష ఏపీ లాసెట్ రాయొచ్చు, జనరల్ కేటగిరీ అయితే డిగ్రీలో 45 శాతం ఉంటే చాలు, ఆంధ్రా యూనివర్సిటీ లా కాలేజీ ఊళ్లోనే ఉంది. సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీలో ఐదేళ్ల కోర్సు ఇంటర్ అయినవాళ్లకు, అది మర్చిపో. లాయరే అయి తీరాలని లేదు, సైకాలజీ పీజీ చేసినవాళ్లూ, సోషల్ వర్క్ చేసినవాళ్లూ ఈ పనిలో బాగానే రాణిస్తారు, కాకపోతే ఇక్కడ బతుకుతెరువు కూడా చూసుకోవాలి కాబట్టి లా అంటున్నాను. పైగా 2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టం చేసింది, దాంట్లో క్రీడా వివాదాలు తేల్చే జాతీయ క్రీడా ట్రిబ్యునల్ ఉంది, దాని తీర్పు మీద అప్పీలు నేరుగా సుప్రీంకోర్టుకే. ఫెడరేషన్లు ఫిర్యాదుల వ్యవస్థ పెట్టుకోక తప్పదు. అంటే ఆటా చట్టం రెండూ తెలిసినవాళ్ల అవసరం పెరుగుతుంది. ఎంత త్వరగా పెరుగుతుందో నేను హామీ ఇవ్వను.

మధ్యవర్తి శిక్షణ సాధారణంగా 40 గంటలు ఉంటుంది. సర్టిఫికెట్ రాగానే కేసులు వచ్చేస్తాయని ఎవరైనా అంటే నమ్మకు, కోర్టుల్లో ఆ పని ఎక్కువగా ఏళ్ల అనుభవం ఉన్న లాయర్లకే ఇస్తారు. నీకు ఇప్పుడే అందే అవకాశం వేరే ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్లుగా, అంటే చట్టం విషయాల్లో జనానికి సాయపడేవాళ్లుగా, విద్యార్థులనూ తీసుకుంటారు, శిక్షణ కూడా ఇస్తారు. కోర్టు ప్రాంగణానికి వెళ్లి తదుపరి ఎంపిక ఎప్పుడో కనుక్కో. లోక్ అదాలత్ రోజున వెనక బెంచీలో కూర్చుని, భూమి గొడవలో అన్నదమ్ములు ఎలా మాట్లాడతారో, ఎక్కడ గొంతు మారుతుందో చూడు.

బ్యాంక్ పరీక్షల సంగతి కూడా కొట్టిపారేయకు. లాసెట్ రాస్తూనే ఒకటి రెండు రాయి, వస్తే చేరు. ఉద్యోగంలో ఉండి, సెలవు రోజుల్లో ఈ పని నేర్చుకోవడం తప్పేమీ కాదు, అసోసియేషన్ డబ్బు మీద ఆధారపడని మనిషివి కాబట్టి నీ మాటకు విలువ కూడా ఎక్కువ. మీ నాన్నగారికి ఈ పేరా మాత్రం చదివి వినిపించు, మిగతాది తర్వాత చూద్దాం.