ఆ దండ ఎక్కడ పడింది?

చిరంజీవికి,

ఎదిగే వయసు కథల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఇష్టంగా, రెండోసారి చేత పెన్సిలుతో. ‘చివరికి గ్రహించాడు’, ‘చివరికి తెలుసుకుంది’ అన్న మాటలు తొమ్మిది చోట్ల ఉన్నాయి. పెన్సిలు అరిగింది అక్కడే.

పాఠం నేర్చుకున్న క్షణం కోసం ప్రతి కథలోనూ గాలించావు. నేనైతే ముందు రెండు వయసులు చూస్తాను. కథలో ఉన్న మనిషిది ఒకటి, కథ చెబుతున్న మనిషిది ఒకటి. డికెన్స్ నవల ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ మళ్లీ తీయి. అందులో తన కథ తానే చెప్పుకునేవాడు పిప్. తనను పెంచిన బావ, కమ్మరి జో, పల్లె నుంచి లండన్‌కు చూడడానికి వస్తే పిప్‌కు తలకొట్టేసినట్టు ఉంటుంది. జో టోపీ పెట్టిన చోట నిలవక మాటిమాటికీ కింద పడుతుంటుంది. పిప్‌కు చిరాకు. డబ్బిచ్చి ఆయన్ను రాకుండా ఆపగలిగితే ఇచ్చేవాడినేనని కూడా ఒప్పుకుంటాడు. సిగ్గుపడింది కుర్రవాడు, ఒప్పుకుంటున్నది ఏళ్లు గడిచిన పెద్దవాడు. ఎదుగుదల ఆ రెండు గొంతుల మధ్య ఎక్కడో జరిగిపోయింది. ‘ఇదిగో, ఇక్కడే’ అని ఏ పేజీనీ చూపించలేం. నీ వ్యాసంలో ఈ నవలకు నాలుగు వాక్యాలే ఇచ్చావు, అందులో టోపీ లేదు!

సినిమాకు ఆ రెండో గొంతు అంత తేలిగ్గా దొరకదు. నేపథ్యంలో ఎవరైనా మాట్లాడితే తప్ప, తెర మీద జరిగేదంతా ఇప్పుడే జరుగుతున్నట్టుంటుంది. అందుకే మంచి దర్శకుడు వస్తువుల వైపు, చేతుల వైపు చూస్తాడు. సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ (1955)లో అపు అనే పిల్లవాడి అక్క దుర్గ చనిపోయింది, కుటుంబం ఊరు విడిచి వెళ్లబోతోంది. సామాను సర్దుతుంటే అపు చేతికి ఒక పూసల దండ దొరుకుతుంది. దాన్ని దొంగిలించిందనే దుర్గ మీద నింద పడింది, తాను తీయలేదనే ఆమె చెప్పింది. అపు ఎవరినీ పిలవడు. పరుగున వెళ్లి దాన్ని నీళ్లలోకి విసిరేస్తాడు. పాచి చెదిరి, నెమ్మదిగా మళ్లీ కమ్ముకుంటుంది. ‘అపు బాధ్యత తెలుసుకున్నాడు’ అని రాశావు. అపు ఏం తెలుసుకున్నాడో రాయ్ మనకు చెప్పలేదు. ఆ పిల్లవాడికి దాచవలసినది ఒకటి దొరికింది, దాచాడు. నాకు తెలిసినది అంతవరకే.

ఫ్రెంచి దర్శకుడు ట్రూఫో సినిమా ‘ది 400 బ్లోస్’ (1959) ముగింపును ‘స్వేచ్ఛ’ అన్నావు. పారిపోయిన కుర్రవాడు పరిగెత్తి పరిగెత్తి సముద్రం దాకా వస్తాడు. ఇక ముందు నేల లేదు. వెనక్కి తిరిగి మనవైపు చూస్తాడు, బొమ్మ అక్కడ నిలిచిపోతుంది. నాకది స్వేచ్ఛలా ఎప్పుడూ కనిపించలేదు. ట్రూఫో కూడా ఆ కుర్రవాణ్ని అక్కడ వదిలేయలేకపోయాడు. అదే నటుడితో, అదే పాత్రతో 1979 వరకూ సినిమాలు తీస్తూనే వచ్చాడు.

ఇక నీ సొంత జ్ఞాపకం. పద్నాలుగేళ్ల వయసులో స్నేహితురాలి డైరీ దొంగచాటుగా చదివిన సంగతి. వ్యాసమంతటిలో ప్రాణమున్న చోటు అదే. అందులోనే ‘నమ్మకం గాజులాంటిదని ఆ క్షణంలో అర్థమైంది’ అని రాసి పాడుచేశావు. ఆ వాక్యం పద్నాలుగేళ్ల నీకు తట్టింది కాదు, వ్యాసం ముగించాలన్న తొందరలో మొన్న తట్టింది. నన్ను నమ్ము, ఈ తప్పులో నాకు అనుభవం ఎక్కువ. నా తొలి కథలో పదేళ్ల పిల్లవాడు పదవీ విరమణ చేసిన న్యాయమూర్తిలా మాట్లాడాడు. అచ్చయినందుకు ఇప్పటికీ సిగ్గే.

ఆ గాజు వాక్యం కొట్టేయి. డైరీ ఎక్కడి నుంచి తీశావు? తిరిగి అదే చోట పెట్టావా? మర్నాడు ఆమె పలకరిస్తే ఎటు చూశావు? అప్పటి నీకు తెలిసినంతే అక్కడ ఉంచు. ఇప్పటి నీకు చెప్పాలనిపిస్తే వేరే గొంతుతో, వేరే పేరాలో చెప్పు. ఏదైనా గుర్తు లేకపోతే గుర్తు లేదనే రాయి, కల్పించకు.

తిరగరాసి పంపు. తొందర లేదు, పరీక్షలయ్యాకే పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి