ఎనిమిది యూనిట్లకు రెండు వందల యాభై రూపాయలా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఎండలు ముదిరిన నాటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం కరెంటు బిల్లు గురించినవే. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, పది మందికీ పనికివచ్చే అయిదింటికి ఈ సంచికలో జవాబు ఇస్తున్నాను. మీ ఇంటి తాజా బిల్లును పక్కన పెట్టుకుని చదివితే ఈ లెక్కలు సులభంగా అర్థమవుతాయి.

ప్రశ్న: మాది కరీంనగర్‌లో రెండు గదుల ఇల్లు. ఏసీ లేదు. కిందటి నెల 198 యూనిట్లు, ఈ నెల 206 యూనిట్లు వచ్చాయి. పెరిగినవి ఎనిమిది యూనిట్లే అయినప్పుడు విద్యుత్ చార్జీ రెండు వందల యాభై రూపాయలకు పైగా ఎలా పెరుగుతుంది? రీడింగ్ తీయడానికి వచ్చిన అబ్బాయిని అడిగితే “స్లాబు మారిందమ్మా” అని వెళ్లిపోయాడు. – ఒక గృహిణి

జవాబు: అమ్మా, ఆ అబ్బాయి చెప్పింది నిజమే కానీ సగమే చెప్పాడు. స్లాబు అంటే వాడకాన్ని బట్టి యూనిట్ రేటు మారే మెట్టు. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం, నెల వాడకం 100 దాటి 200 యూనిట్ల లోపు ఉన్న ఇంటికి మొదటి 100 యూనిట్లకు యూనిట్ 3.40 రూపాయలు, తరువాతి 100 యూనిట్లకు 4.80 రూపాయలు పడుతుంది. 200 దాటిన ఇంటికి మాత్రం ఎక్కువైన యూనిట్ల మీదే కాక మొదటి యూనిట్ నుంచీ లెక్క మారిపోతుంది. 200 యూనిట్ల వరకు యూనిట్ 5.10 రూపాయలు, అక్కడి నుంచి 300 వరకు 7.70 రూపాయలు. ఈ లెక్కన మీ 198 యూనిట్లకు 810.40 రూపాయలు, 206 యూనిట్లకు 1,066.20 రూపాయలు అయింది. సరిగ్గా 200 దగ్గర ఆగిన ఇంటికి 820 రూపాయలు పడితే 201 వచ్చిన ఇంటికి 1,027.70 రూపాయలు పడుతుంది. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207.70 రూపాయలన్న మాట. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, విద్యుత్ సుంకం వీటికి అదనం. 2024లో మొదలైన గృహజ్యోతి పథకం కింద సున్నా బిల్లు వచ్చే కుటుంబాలకు ఈ 200 యూనిట్ల గీత ఇంకా ముఖ్యం, ఎందుకంటే వాడకం 200 దాటిన నెలలో వారు మొత్తం బిల్లు కట్టవలసి వస్తుంది.

కాబట్టి మీరు చేయవలసింది వాడకాన్ని సగానికి తగ్గించడం కాదు, గీతకు ఇవతల ఉండడం. రీడింగ్ తీసిన రోజున మీటరు అంకెను వంటింటి క్యాలెండరు మీద రాసుకుని, ఆ తరువాత ప్రతి ఆదివారం ఉదయం ఒకసారి చూసి పక్కనే వేసుకోండి. వారానికి 46 యూనిట్ల లోపు ఉంటే భయం లేదు. మూడో ఆదివారానికే 150 చేరిందంటే జాగ్రత్తపడడానికి మీకింకా వారం పైన గడువుంది. బిల్లు చేతికి వచ్చాక తెలిసి ఏం లాభం?

ఇక ఎక్కడ తగ్గించాలన్నది చూద్దాం. మా తరం వాళ్లు గదిలోంచి అడుగు బయట పెడితే లైటు ఆర్పమని పిల్లల వెంటపడేవారు. 60 వాట్ల గాజు బల్బుల కాలంలో అది సరైన మాటే. ఇప్పుడు ఇళ్లలో ఉన్నవి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు. రోజుకు అయిదు గంటలు వెలిగినా నెలకు ఒక యూనిట్ మీద కొంచెం దాటుతుంది. ఆర్పవద్దని అనడం లేదు కానీ మీ ఎనిమిది యూనిట్లు అక్కడ దొరకవు.

అవి ఫ్యాను దగ్గర దొరుకుతాయి. మామూలు సీలింగ్ ఫ్యాను పూర్తి వేగంతో తిరిగితే సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే బ్రష్‌లు లేని మోటారుతో తిరిగే కొత్త రకం ఫ్యాను, అదే గాలిని దాదాపు 30 వాట్లతో ఇస్తుంది. ఎండాకాలంలో ముందు గదిలో ఫ్యాను రోజుకు 14 గంటలు తిరిగిందనుకుంటే, ఆ ఒక్క ఫ్యాను మార్చడంతో నెలకు దాదాపు 19 యూనిట్లు మిగులుతాయి. మీ విషయంలో 206 కాస్తా 187కు దిగుతుంది. ఇంట్లోని ఫ్యాన్లన్నీ ఒకేసారి మార్చనక్కరలేదు, రాత్రీ పగలూ తిరిగేదాన్ని ముందు మార్చండి. ఒకవేళ మీ స్విచ్‌బోర్డు మీద పాతకాలపు పెద్ద డబ్బా రెగ్యులేటరు ఉంటే ఫ్యాను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు దాన్ని ముట్టుకుని చూడండి, వెచ్చగా ఉంటుంది. తగ్గించిన కరెంటులో కొంత ఆ వేడి రూపంలో పోతున్నదే. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరులో ఆ నష్టం ఉండదు.

ప్రశ్న: ఇంట్లో అన్ని స్విచ్‌లూ ఆపినా మా మీటరు మీద ఎర్రలైటు మినుకుమినుకుమంటూనే ఉంటుంది. మీటరు చెడిపోయిందా? వేరే ఎవరైనా మా కరెంటు వాడుకుంటున్నారా? – విశ్రాంత ఉపాధ్యాయులు, నెల్లూరు

జవాబు: మాస్టారూ, ఆ లైటే మీ ఇంట్లో అన్నిటికన్నా నమ్మకమైన కొలబద్ద. మీటరు ముఖం మీద చూస్తే 3200 అనో 1600 అనో ఒక అంకె, దాని పక్కన ‘ఇంప్’ అన్న అక్షరాలు ఉంటాయి. 3200 అని ఉంటే ఆ లైటు 3200 సార్లు మినుకుమంటే ఒక యూనిట్ కాలినట్టు. గడియారం పట్టుకుని నిమిషానికి ఎన్ని సార్లు వెలుగుతున్నదో లెక్కపెట్టి, ఆ సంఖ్యను 19తో గుణిస్తే ఆ క్షణాన ఇంట్లో ఎన్ని వాట్లు ఖర్చవుతున్నాయో దాదాపుగా తెలుస్తుంది. మీటరు 1600ది అయితే 38తో గుణించాలి.

మా ఇంట్లో నేను ఈ లెక్క పెట్టిన రోజున ఫ్రిజ్ కూడా ఆపించాను. అయినా లైటు నిమిషానికి రెండు సార్లు వెలిగింది. 38 వాట్లు, రోజంతా, నెలంతా కాలితే 27 యూనిట్లు! ఒక్కో లైనుకు కరెంటును ఆపే చిన్న స్విచ్‌లను, అంటే ఎంసీబీలను, ఒక్కొక్కటిగా దించుకుంటూ పోతే చివరికి మెట్ల కింద బల్ల మీదున్న పాత ఇన్వర్టరు దగ్గర తేలింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, కరెంటు పోతే పది నిమిషాలు కూడా ఆగడం లేదని దాన్ని వాడడం మానేశాం కానీ ప్లగ్గు తీయలేదు. ఎంత చార్జి చేసినా నిండని బ్యాటరీని అది పాపం నిండించబోతూనే ఉంది. రిమోట్‌తో ఆపిన సెట్‌టాప్ బాక్సు, వైఫై రూటరు కూడా ఇలాంటివే. 10 వాట్ల పెట్టె ఇరవై నాలుగు గంటలూ ప్లగ్గులో ఉంటే నెలకు ఏడు యూనిట్లు.

మీరు కూడా మొదట మెయిన్ స్విచ్ వేసి ఉంచి, ఎంసీబీలను ఒక్కొక్కటిగా దించుతూ ఏది దించినప్పుడు లైటు ఆగిందో చూడండి. ఆ లైను మీద ఏ వస్తువూ లేకపోయినా కరెంటు పోతున్నదంటే, తేమ పట్టిన గోడలోని వైరు నుంచి ఎర్త్‌లోకి కారుతున్నదేమో అనుమానించాలి. అది డబ్బు నష్టం మాత్రమే కాదు, గోడ ముట్టుకున్న మనిషికి ప్రమాదం కూడా. వెంటనే అనుభవమున్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. మెయిన్ స్విచ్ దించేసిన తరువాత కూడా లైటు మినుకుమంటూ ఉంటే మాత్రం లోపం మీ ఇంటి వైరింగ్‌లో లేదు. మీటరులోనో, మీటరుకూ మెయిన్‌కూ మధ్య ఎవరో తగిలించుకున్న తీగలోనో ఉంది. అప్పుడు 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి, ఫిర్యాదు సంఖ్యను రాసి ఉంచుకోండి. రుసుము కట్టి మీటరును పరీక్ష చేయించమని కోరే హక్కు మీకుంది. సీలును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోవద్దు.

ప్రశ్న: విశాఖపట్నంలో పై అంతస్తులో అద్దెకు ఉంటున్నాం. ఏసీ లేకుండా నెలకు 220 యూనిట్లు వస్తోంది. ఏసీ కొనాలా, కూలరుతో సరిపెట్టుకోవాలా? – కొత్తగా కాపురం పెట్టిన దంపతులు

జవాబు: మీరు అనంతపురంలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉండి ఉంటే కూలరే కొనమనేవాడిని. కూలరు పని చేసేది పొడి గాలిలో. నీరు ఆవిరయ్యేటప్పుడు గాలిలోని వేడిని లాక్కుంటుంది. సముద్రపు గాలిలో ముందే తేమ నిండి ఉంటుంది కనుక విశాఖలో కూలరు పెడితే చెమటకు తోడు ఉక్క మిగులుతుంది.

ఏసీ కొంటే బిల్లును ఎలా అంచనా వేసుకోవాలో చెబుతాను, చాలామంది ఇక్కడే తప్పు లెక్క వేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన రేట్లలో 126 నుంచి 225 యూనిట్ల వరకు యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8.75 రూపాయలు. ప్రస్తుతం మీ 220 యూనిట్లకు విద్యుత్ చార్జీ 987 రూపాయలు, అంటే సగటున యూనిట్ నాలుగున్నర లోపే. ఏసీ రాత్రికి ఆరు యూనిట్ల చొప్పున నెలకు 180 కాల్చిందనుకుంటే, వాటిని నాలుగున్నరతో గుణించి 810 రూపాయలేగా అనుకోకూడదు. ఆ యూనిట్లన్నీ మీ పాత వాడకం పైన వచ్చి కూర్చుంటాయి కాబట్టి దాదాపు అన్నిటికీ 8.75 రూపాయలే పడి, 1,560 రూపాయలు అవుతుంది. ఇంధన సర్దుబాటు చార్జీలు వేరు. ఏ కొత్త వస్తువు కొన్నా ఇలా చివరి స్లాబు ధరతోనే లెక్క కట్టండి.

అయితే ఇదే లెక్క పొదుపులో మీకు కలిసివస్తుంది, ఎందుకంటే తగ్గించిన ప్రతి యూనిట్ కూడా 8.75 రూపాయలదే. ఏసీ ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. స్టార్ గుర్తు ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీలతో మొదలు కావాలన్న నిబంధన 2020 జనవరి నుంచి అమల్లో ఉంది. 20కి బదులు 26 పెట్టుకుని పైన ఫ్యాను సన్నగా వేసుకుంటే నెలకు 50 యూనిట్లకు పైగా, అంటే నాలుగు వందల యాభై రూపాయల దాకా తగ్గుతుంది. 16కు పెడితే గది తొందరగా చల్లబడుతుందన్నది భ్రమ, అంతకన్నా కిందికి చల్లబడుతుంది, అంతే. జాలీని రెండు వారాలకొకసారి కుళాయి కింద కడిగి ఆరబెట్టండి.

కానీ కొనే ముందు ఇంటివారితో ఒక మాట మాట్లాడండి. పై అంతస్తులో ఉన్నవారిని రాత్రి పది గంటలకు కూడా ఉడికించేది బయటి గాలి కన్నా పగలంతా కాలిన పైకప్పు. డాబా మీద తెల్లటి సున్నం రెండు పూతలు వేయించినా, ఎండను తిప్పికొట్టే కూల్ రూఫ్ పెయింటు వేయించినా కింద గదిలో తేడా తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీని మీద ప్రత్యేకంగా ఒక విధానమే ప్రకటించింది. సున్నం ఖర్చు మీరే పెట్టుకుంటామంటే ఏ ఇంటివారూ కాదనరు.

ప్రశ్న: గ్యాస్ మానేసి ఇండక్షన్ పొయ్యి మీద వండుకుంటే చవకా? – ఏలూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అది మీ స్లాబును బట్టి ఉంటుంది. 14.2 కిలోల సిలిండరు చేసే వంట, పొయ్యిల సామర్థ్యాన్ని లెక్కలోకి తీసుకుంటే, ఇండక్షన్ మీద 130 నుంచి 145 యూనిట్లతో పూర్తవుతుంది. మీరు కట్టే సిలిండరు ధరను 135తో భాగించండి. ఉదాహరణకు 945 రూపాయలైతే 7 వస్తుంది. మీ చివరి యూనిట్ 6 రూపాయల స్లాబులో ఉంటే ఇండక్షన్ చవక, 8.75 రూపాయల స్లాబులో ఉంటే గ్యాసే చవక. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ దీపం–2 పథకం కింద ఏడాదికి వచ్చే మూడు ఉచిత సిలిండర్లు మీకు వర్తిస్తే ముందు వాటినే వాడుకోండి. మరో సంగతి, పాత అల్యూమినియం కుక్కరు, రాగి గిన్నెలు ఇండక్షన్ మీద వేడెక్కవు. గిన్నె అడుగుకు అయస్కాంతం అంటుకుంటేనే పనికివస్తుంది. గిన్నెలు కొనే ఖర్చును కూడా కలుపుకుని చూసుకోండి.

పొయ్యి ఏదైనా కందిపప్పును, శనగలను ముందు నానబెట్టి కుక్కరులో పెట్టండి. విజిలు వచ్చాక మంట తగ్గించండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ప్రశ్న: డాబా మీద సోలారు పెట్టించమని కంపెనీల వాళ్లు తిరుగుతున్నారు. లాభమేనా? – అనంతపురం

జవాబు: మీ జిల్లాలో ఎండకు కొదవ లేదు కనుక, నెలకు 300 యూనిట్లు దాటే సొంత ఇంటికి లాభమే. 150 యూనిట్ల ఇంటికి తొందర లేదు. ఒక కిలోవాట్ పలకలు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి, దాదాపు వంద చదరపు అడుగుల నీడ లేని చోటు కావాలి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, మూడో కిలోవాట్‌కు 18,000 రూపాయలు చొప్పున గరిష్ఠంగా 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. సబ్సిడీని ధరలోంచి తగ్గించి చూపిస్తున్నారా, మీ బ్యాంకు ఖాతాకు తరువాత వస్తుందంటున్నారా అన్నది కాగితం మీద రాయించుకోండి. పలకలను నీళ్ల ట్యాంకుకు ఉత్తరాన బిగించనివ్వకండి. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి ఒరిగినప్పుడు ట్యాంకు నీడ పొడవుగా వచ్చి సరిగ్గా వాటి మీదే పడుతుంది.