40 గంటల లెక్క నమ్ముకోకండి

ప్రశ్న: నాకు 36 ఏళ్లు, కూకట్‌పల్లిలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కళ్లజోడు ఉంది. చిన్నప్పుడు బేగంపేటలో దిగే విమానాలు చూస్తూ పెరిగాను. ఇప్పుడు సరదా కోసం ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తీసుకోవచ్చా? ఆదివారాలు మాత్రమే ఖాళీ.

జవాబు: తీసుకోవచ్చండీ. 17 ఏళ్లు నిండాలి, పదో తరగతి పాసై ఉండాలి. పై వయసుకు హద్దు లేదు, మెడికల్ పాసైనంత కాలం ఎగరొచ్చు. కళ్లజోడుతో చూపు సరిపోతే చాలు, రంగులు గుర్తుపట్టడంలో తేడా ఉంటేనే చిక్కు. అందుకే ముందు డీజీసీఏ (మన దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థ) గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్ 2 మెడికల్ చేయించుకోండి, ఆ కాగితం చేతికొచ్చాకే ఎక్కడైనా అడ్వాన్స్ కట్టండి. చాలామంది దీన్ని తిరగేసి చేసి తర్వాత బాధపడతారు.

రూల్ ప్రకారం 40 గంటలు ఎగరాలి. అందులో 20 గంటలు సోలో, అంటే పక్కన ఇన్‌స్ట్రక్టర్ లేకుండా. ఆ సోలోలో 5 గంటలు దూర ప్రయాణాలు, వాటిలో ఒకటి కనీసం 150 నాటికల్ మైళ్లు (దాదాపు 278 కిలోమీటర్లు), మధ్యలో రెండు వేరువేరు చోట్ల దిగి మరీ. కాగితం మీద ఇంతే. నాకు మాత్రం 58 గంటలు పట్టింది, ఎందుకంటే నేనూ మీలాగే ఆదివారాలతోనే మొదలుపెట్టాను. ఒక ఆదివారం గంట ఎగిరితే, తర్వాతి ఆదివారం పొగమంచు, ఆ తర్వాత విమానం రిపేర్లో, ఆ పైవారం మా మరదలి పెళ్లి, ఇలా నెల తిరిగి సెస్నాలో (నేర్పడానికి వాడే చిన్న విమానం) కూర్చునేసరికి చేతులు అన్నీ మర్చిపోయి ఉండేవి. ల్యాండింగ్‌లో చివరి ఇరవై అడుగులు ఉంటాయి చూడండి, ముక్కు ఎప్పుడు మెల్లగా పైకెత్తాలో కంటికి అలవాటు కావాలి, అది పుస్తకంలో దొరకదు, నాలుగు రోజుల్లో ముప్పై సార్లు దిగితేనే పట్టుబడుతుంది. "మళ్లీ మొదటికొచ్చారా మాస్టారూ" అనేవాడు మా ఇన్‌స్ట్రక్టర్, నాకంటే పదేళ్లు చిన్నవాడు. చివరికి మూడు వారాలు సెలవు పెట్టి రోజూ పొద్దున్నే వెళ్తే అప్పుడు కుదిరింది.

కాబట్టి ఆదివారాలు చదువుకి ఉంచుకోండి: నియమాలు, నావిగేషన్, వాతావరణం, విమానం ఇంజిన్ సంగతులు. పరీక్షల్లో 70 శాతం రావాలి. రేడియోలో మాట్లాడటానికి ఇంకో లైసెన్స్ ఉంటుంది, దానికీ చదవాలి. సెలవులన్నీ కూడబెట్టి ఒక్కసారే ఎగరండి. వానాకాలం వద్దు. ఎండాకాలం మధ్యాహ్నాలూ వద్దు, వేడికి గాలి పలచబడి చిన్న విమానం పైకెక్కడానికి ఆయాసపడుతుంది, పైగా బేగంపేట రన్‌వే సముద్రమట్టానికి 1,700 అడుగుల పైనే ఉంది. ఖర్చంటారా, గంట రేటు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, కానీ దాన్ని 40తో కాదు, 60తో గుణించి ఇంట్లో చెప్పండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. ముందు ప్రైవేట్ లైసెన్స్ తీసుకుంటే వెంటనే ఎయిర్‌లైన్స్‌లో ఉద్యోగం వస్తుందని ఒక కన్సల్టెంట్ చెబుతున్నాడు. నిజమేనా? (గుంటూరు నుంచి ఒక తల్లి)

జవాబు: రాదమ్మా. ప్రైవేట్ లైసెన్స్‌తో ఎగిరి డబ్బు తీసుకోవడమే నేరం, ఇక ఉద్యోగం ఎక్కడిది. దానికి కమర్షియల్ లైసెన్స్ కావాలి: 18 ఏళ్లు, 200 గంటలు, క్లాస్ 1 మెడికల్. మన దగ్గర ప్రైవేట్ లైసెన్స్ లేకుండానే స్టూడెంట్ పైలట్‌గా మొదలుపెట్టి నేరుగా కమర్షియల్‌కి వెళ్లొచ్చు. అది పూర్తయినా ఉద్యోగం గ్యారంటీ అని ఎవరైనా రాసిస్తే ఆ కాగితం ఒకసారి లాయరుకి చూపించండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. ఇక్కడ లైసెన్స్ తీసుకుని హైదరాబాద్ వచ్చినప్పుడు నడపొచ్చా?

జవాబు: నేరుగా కుదరదు. మన విమానాల మీద వీటీ అని ఉంటుంది, అంటే మన దేశంలో రిజిస్టరైనవని గుర్తు, వాటిని నడపాలంటే ఇక్కడి కాగితం కావాలి. అక్కడ మాత్రం సుబ్బరంగా నేర్చుకోండి. అక్కడా కనీసం 40 గంటలే, సోలో 10 చాలు. మీరు అమెరికా పౌరులు కాకపోతే మొదటి ఫ్లయింగ్ క్లాసుకి ముందే టీఎస్‌ఏ (అక్కడి రవాణా భద్రతా సంస్థ) అనుమతి తీసుకోవాలి.

ప్రశ్న: పైన 36 ఏళ్లాయన భార్యను కాదు గానీ, మా ఇంట్లోనూ ఇదే పిచ్చి. గాల్లో ఇంజిన్ ఆగిపోతే ఏమిటి గతి?

జవాబు: రాయిలా పడిపోదండీ. చిన్న సెస్నా ఇంజిన్ ఆగినా 3,000 అడుగుల ఎత్తు నుంచి గాలి లేని రోజున అటూఇటుగా 8 కిలోమీటర్లు జారుతూ వస్తుంది, ఆ లోపు పొలమో మైదానమో చూసుకోవాలి. ఇన్‌స్ట్రక్టర్ చెప్పాపెట్టకుండా పవర్ తగ్గించేసి "ఇప్పుడేం చేస్తావ్" అని అడిగే పాఠమే అది. అసలు జాగ్రత్త నేల మీదే మొదలవుతుంది. రోజూ పొద్దున్నే రెక్క కింద నుంచి చిన్న గాజు గొట్టంలోకి కాస్త పెట్రోలు పట్టి వెలుతురుకి ఎత్తి చూస్తాం. ఆ పెట్రోలు లేత నీలం, నీళ్లు కలిస్తే అడుగున రంగులేని ముత్యంలా నిలుస్తుంది. నాకు ఒకసారి కనిపించింది. అది పోయేదాకా ఏడుసార్లు వంచి పారబోశాను, ఆ రోజు అరగంట ఆలస్యంగా ఎగిరాం.

లైసెన్స్ వచ్చాక మీవారు మిమ్మల్ని ఉచితంగా ఎక్కించుకోవచ్చు, ఎక్కి చూడండి. మా ఆవిడ ఇప్పటికి రెండుసార్లే ఎక్కింది, మొదటిసారి నా చొక్కా వదల్లేదు, రెండోసారి నిద్రపోయింది.