సమాధానం: ఎల్పీ చివరికి వచ్చేసరికి గొంతు కీచుగా మారడం గురించి

పర్లాకిమిడి మిత్రులకు నమస్కారం. 1970 సెప్టెంబరు 4న ఇంగ్లీషు రాక్ బృందం లెడ్ జెప్పెలిన్ లాస్ ఏంజెలెస్‌లో చేసిన కచేరీకి చెందిన మీ అనధికార ఎల్పీలో (గ్రామఫోను రికార్డులో), ఒక వైపు ముగిసేసరికి గాయకుడు రాబర్ట్ ప్లాంట్ గొంతు కీచుగా మారుతోందనీ, తక్కిన రికార్డులు బాగానే పలుకుతున్నాయనీ రాశారు. అలాగైతే మీ టర్న్‌టేబుల్‌లో దోషం లేదు. ఇలాంటి ఎల్పీకి మూలమైన కచేరీని ప్రేక్షకుల మధ్య కూర్చుని టేపు చేసేటప్పుడు రికార్డరు బ్యాటరీలు నీరసిస్తే టేపు నెమ్మదిగా తిరుగుతుంది, దానినే సరైన వేగంతో వినిపించినప్పుడు శ్రుతి పెరుగుతుంది. బరంపురంలో నా దగ్గరున్న ఇలాంటి ఎల్పీకి, అదే పాట స్టూడియో రికార్డును పక్కన పెట్టుకుని, శ్రుతి కలిసేదాకా టర్న్‌టేబుల్ వేగాన్ని మార్చే పిచ్ మీటను వెంట్రుకవాసి చొప్పున మైనస్ వైపు జరుపుతాను. శ్రుతి పోను పోను పెరుగుతుంది కనుక ప్రతి పాటకూ మళ్లీ సరిచూసుకోవాలి. దయచేసి ఆ ఎల్పీని తిరిగి అమ్మేయకండి.